ఎర్ర పెట్టె, నీలం పెట్టె

"నేను లేస్తే గోడ లేస్తుంది. అందుకే లేవను," అంది అమ్మ.

పొద్దున లారీ దించిపోయిన ఇటుకలు వీధి గుమ్మం పక్కన మోకాలెత్తు పేర్చి ఉన్నాయి. ఆవిడ వాటి మీద పాత దుప్పటి మడతపెట్టి పరుచుకుని, బస్సులో కిటికీ పక్క సీటు దొరికినంత దర్జాగా కూర్చుంది.

తాపీమేస్త్రి ఎదురుగా నిలబడి తల గోక్కుంటున్నాడు. కలిపిన సిమెంటు మాల్ ఇనుప తట్టలో బిగుసుకోవడానికి చూస్తోంది. దాని మీద చారెడు నీళ్ళు చిలకరించి, "అమ్మగారూ, ఇది నా మాట వినేది కాదండీ. గట్టిపడిపోతే తర్వాత నన్నని లాభం లేదు," అన్నాడు.

"మా ఇంట్లో నా మాట వినేవాళ్ళు మాత్రం ఎవరున్నారు నాయనా? దాన్నీ గట్టిపడనీ," అంది అమ్మ.

సరిగ్గా అప్పుడే ఆవిడ కూతురు లీడరమ్మ ఎర్ర ఆటో వీధి మలుపు తిరిగింది. బండిలో చార్జింగు అడుగంటి, నడిచేవాళ్ళు కూడా దాన్ని దాటుకుని వెళ్ళిపోతున్నారు. ఆటో డ్రైవర్ల సంఘానికి కార్యదర్శి అయిన రోజున తోటి డ్రైవర్లు వెటకారానికి ఆమెకి తగిలించిన పేరే లీడరమ్మ. వెటకారం అరిగిపోయింది, పేరు మిగిలింది. ఇప్పుడు కన్నతల్లి కూడా అలాగే పిలుస్తోంది.

ఇటుకలు చూడగానే ఆమె బ్రేకు వేసింది. అన్నయ్య అన్నంత పనీ చేశాడన్నమాట.

"వచ్చావా తల్లీ!" అన్నయ్య గుమ్మంలోంచే అందుకున్నాడు. "నీకోసమే చూస్తున్నా. ముందు ఆవిణ్ణి అక్కణ్ణుంచి లేపు. సాయంత్రానికి కంపెనీ ఆయన వస్తాడు. గోడ కనపడకపోతే స్టాండు పీక్కుని పోతామని మొహం మీదే చెప్పారు."

"చెక్క ఉందిగా అన్నయ్యా."

"చెక్క చాలదట. పక్కా గోడ ఉండాలట. వాళ్ళ పెట్టెలున్న గదిలో ఇంకో కంపెనీ గాలి కూడా ఆడకూడదట."

చెక్క అంటే హాలు మధ్యలో నిలబెట్టిన ప్లైవుడ్డు అడ్డం. దానికి ఎడమ పక్క అన్నయ్య ఎర్ర స్టాండు, కుడి పక్క తమ్ముడి నీలం స్టాండు. రెండూ ఇనుప బీరువాల్లాంటివే. అరల నిండా బండి బ్యాటరీలు. ఖాళీ పెట్టె తెచ్చి ఇచ్చి, నిండిన పెట్టె పెట్టించుకుని, టీ తాగే లోపల వెళ్ళిపోవచ్చు. ఎర్ర కంపెనీ బండికి ఎర్ర పెట్టె, నీలం కంపెనీ బండికి నీలం పెట్టె. కొలతలు ఒక్కటే, మూతి ఒక్కటే, లోపలుండే తాళం మాత్రం వేరు. పరాయి పెట్టె పెడితే బండి మూడుసార్లు కీచుమని, ఎర్ర దీపం వెలిగించి, కదలనని కూర్చుంటుంది.

బండ్లు అలా కూర్చున్నాయని ఈ ఇంట్లో మనుషులూ కూర్చున్నారు. అన్నయ్య ఎర్ర స్టాండు పెట్టిన కొత్తలోనే తమ్ముడు ఉద్యోగం పోయి ఇంటికొచ్చాడు. ఖాళీగా ఉండలేక నీలం కంపెనీ వాళ్ళతో మాట్లాడుకున్నాడు. ఆ సంగతి ముందుగా చెప్పలేదని అన్నయ్య అంతెత్తున లేచి, "నా ఇంట్లో నీలం అనే మాట వినపడకూడదు," అన్నాడు. మర్నాడే తమ్ముడు చెక్క తెచ్చి హాలుకి అడ్డంగా మేకులు కొట్టాడు. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

చెక్క అవతల్నుంచి ఇప్పుడు తమ్ముడి గొంతు వినిపించింది.

"అక్కా, గోడ నా వైపుకి ఆవగింజంత జరిగినా ఊరుకోనని ఆయనతో చెప్పు."

"వాడి వైపు ఏముందని జరగడానికి? ఎలక తిరగడానికి చోటు లేదు. చెప్పు వాడికి," అన్నాడు అన్నయ్య.

"ఎలకలు ఆయన వైపునుంచే వస్తున్నాయని చెప్పు."

"నేను పోస్టుమేన్నా?" లీడరమ్మకి ఒళ్ళు మండింది. "చెక్కకి ఇటొకరు అటొకరు. ఒకరి దగ్గు ఇంకొకరికి వినపడుతుంది. మధ్యలో నేనెందుకు?"

అన్నయ్య మొహం అటు తిప్పుకున్నాడు, చెక్క అవతల అర తలుపు ధడాలున పడింది. ఇద్దరికీ కోపం ఎవరిమీద ఉన్నా, ఆ క్షణాన ఆమె మీదే ఎక్కువ ఉందని అందులోనే తెలిసిపోయింది.

కారణం లేకపోలేదు. ఆమధ్య బ్యాటరీల మార్పిడి మీద ప్రభుత్వం కొత్త విధానం తెస్తానంటూ జనం అభిప్రాయాలు వినడానికి సభ పెట్టింది. పెద్ద హాలు. ముందు వరసల్లో కంపెనీల వాళ్ళు. ఎవరి తాళం వాళ్ళకే ఉండాలి, అదే భద్రత అని వాళ్ళు చక్కగా బొమ్మలు చూపించి మరీ చెప్పారు. తర్వాత సంఘం తరఫున మాట్లాడమని లీడరమ్మని పిలిచారు. రాసుకెళ్ళిన మాటలు మైకు చూడగానే ఆవిరైపోయాయి. నోటికి వచ్చింది చెప్పేసింది.

"మా అన్నయ్య దగ్గర ఆ రోజు నిండిన పెట్టె ఒక్కటీ లేదండీ. చెక్క అవతల మా తమ్ముడి దగ్గర అర నిండా ఉన్నాయి. చెక్క సందులోంచి వాటి దీపాలు కనపడుతున్నాయి. బండిలో ప్లాస్టరు కాలుతో ఒక ముసలాయన ఉన్నాడు. నిండిన బ్యాటరీలున్న మా ఇంటి ముందు నుంచే, ఆయన్ని కూర్చోబెట్టుకుని, బండి తోసుకుంటూ ఎర్ర పెట్టె దొరికేదాకా వెళ్ళానండీ. బండి చెడిపోయిందా అని దారిలో అందరూ అడిగారు. ఏం చెప్పమంటారు?"

హాల్లో ఎవరూ నవ్వలేదు. వేదిక మీద పెద్ద అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

సంఘం వాళ్ళు ఆమెని భుజాల మీద మోసినంత పని చేశారు. ఇంట్లో మాత్రం ఎవరూ మొహం ఇవ్వలేదు. ఇంటి గుట్టు ఊరందరి ముందూ పెట్టిందని అన్నయ్య అన్నం దగ్గర కూర్చోవడం మానేశాడు. నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావని తమ్ముడు తలుపేసుకున్నాడు. ఆ రోజు నుంచీ ఆమె ఆ విధానం కోసం పరీక్షా ఫలితాల కోసం చూసే పిల్లలా చూస్తోంది. ఆ ఉత్తర్వు తాము అడిగినట్టు వస్తే సరే. కంపెనీలు అడిగినట్టు వచ్చిందా, గుట్టూ పోయె, గోడా లేచె, అన్నదమ్ములిద్దరూ తనకి దూరమే.

ఉత్తర్వు వచ్చేది ఇవాళే.

"అన్నయ్యా, మధ్యాహ్నం దాకా ఆగు. ఏం వస్తుందో చూద్దాం," అంది లీడరమ్మ. గొంతులో బతిమాలుకోవడం ఆమెకే వినిపించింది.

"ఏం వస్తుంది? పెద్ద కంపెనీలు కాదన్నదాన్ని నువ్వు అవునన్నావని ప్రభుత్వం అవునంటుందా?"

"అనొచ్చు."

"అనదు. నా పిల్లల బడీ, మీ వదిన మందులూ ఆ స్టాండు మీదే నడుస్తున్నాయి. నీ ఆశ మీద నేను నడపలేను." అని చెప్పి ఆయన ఇటుకల వైపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "గోడంటే నాకేమన్నా ముద్దా? నాకూ రాత్రి నిద్ర పట్టలేదు."

ఆ మాటకి చెక్క అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ముందు నా బండికి పెట్టెలు ఇవ్వు," అంది లీడరమ్మ. పోట్లాటయినా పని ఆగదుగా.

అన్నయ్య మొహం మాడ్చుకున్నాడు. "ఒక్కటే ఉంది."

"ఒక్కటేనా? నా బండికి రెండు కావాలి."

"ఉంటే ఇవ్వనా? రాత్రి ఫ్యూజు కొట్టేసింది. ఆ మహానుభావుణ్ణి అడుగు."

"ఆయన్నే అడగమను!" చెక్క గర్జించింది. "ముందు ఆయన పెట్టుకోవాలి, ఆయన అయ్యాక నేను. ఇదీ ఒప్పందం. నా వంతు మొదలయ్యేసరికి ఆయన అరలన్నీ ఇంకా వెలుగుతూనే ఉన్నాయి."

"వాడి వంతు రాకముందే వాడు అన్నీ పెట్టేస్తే నేను చూస్తూ కూర్చోవాలా? అందుకే నేను తియ్యలేదు."

ఇంటికి ఉన్నది ఒకటే కరెంటు లైను. అన్నదమ్ములిద్దరూ పంతానికి పోయి రెండు బీరువాలూ ఒకేసారి వెలిగించారు. లైను ఇద్దర్నీ సమానంగా చూసి, ఇద్దరికీ చెరో పెట్టె నింపి, ఠప్పున ఆరిపోయింది. పొద్దున తమ్ముడు ఫ్యూజు మార్చి తన పెట్టెలు మళ్ళీ చార్జింగులో పెట్టుకున్నాడు. తడి పని దగ్గర కరెంటుంటే చేయి పెట్టనని మేస్త్రి పేచీ పెట్టడంతో అన్నయ్య తన వైపు స్విచ్చి ఆపేశాడు.

లీడరమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఒక ఎర్ర పెట్టె, ఒక నీలం పెట్టె. ఆ ఇంట్లో నిండినవి ఆ రెండే. ఆమె బండికి కావలసినవీ రెండే.

"ఇద్దరూ కలిసి ఇల్లు తగలబెట్టకుండా ఫ్యూజు కాపాడింది. దానికున్న బుద్ధి మీకు లేదు," అంది అమ్మ ఇటుకల మీంచి.

అప్పుడు వినిపించింది హారను.

ఆ హారను మోగించే మనిషి ఆ వీధిలో ఒక్కడే. అసలు పేరు అందరూ మర్చిపోయి ఆయన్ని హారన్ బాబాయి అంటారు. బండి ఖాళీగా ఉన్నా, దారి ఖాళీగా ఉన్నా మోగిస్తాడు. ఇవాళ మాత్రం హారను మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు. ఆయన నీలం ఆటో వెనకాల ఇంకో బండి, దాని వెనకాల ఇంకోటి, అన్నీ మోగుతూనే వచ్చాయి.

"లీడరమ్మా! వచ్చేసిందే! వచ్చేసింది!"

"ఏమొచ్చింది బాబాయ్? సరిగ్గా చెప్పు!"

"నాకేం తెలుసు, అంతా చట్టం భాష! మనవాళ్ళు గంతులేస్తున్నారు, నేనూ వేశాను. ఇదిగో, నువ్వే చదువు."

ఆమె ఫోను లాక్కుంది. ఉత్తర్వులో మొదటి వాక్యం వీధంత పొడుగుంది. ఎక్కడ మొదలైందో చివరికొచ్చేసరికి గుర్తుండదు. ఆమె వేలితో కిందకీ పైకీ జరిపింది. దొరికింది.

పైకే చదివింది. "ఒక సంస్థ బ్యాటరీని మరొక సంస్థ వాహనం నిరాకరించరాదు. ఈ మేరకు సంస్థలన్నీ తమ తాళాలను తొలగించవలెను. ఇది తక్షణమే అమలులోకి వచ్చును."

ఆమె ఇంకో లైను కిందకి వెళ్ళింది.

"ఇతర సంస్థల బ్యాటరీలను ఉంచుకోరాదని ఏ సంస్థా ఏ మార్పిడి కేంద్రాన్నీ నిర్బంధించరాదు."

ఆమె మళ్ళీ చదివింది. తను సభలో మైకు ముందు వణుకుతూ అడిగిన మాటే అది. తన మాట. చట్టం భాషలో చొక్కా తొడుక్కుని, బొత్తాలు పెట్టుకుని, తిరిగి తన వీధికే వచ్చింది.

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవలేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసింది. వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి.

"ఇంకోసారి వెయ్యవే," అంది అమ్మ.

ఇంకోసారి వేసింది. డ్రైవర్లందరూ కేకలు పెట్టారు. మేస్త్రికి ఏమీ అర్థంకాకపోయినా తాపీతో తట్ట మీద దరువు వేశాడు. లీడరమ్మ జీవితంలో ఇంత సంతోషం ఇంత చప్పుడుతో ఎప్పుడూ రాలేదు. నిజంగా ఆ క్షణాన ఆమెకి ఎగరాలనిపించింది.

అన్నయ్య మాత్రం గుమ్మానికి ఆనుకుని అలాగే నిలబడ్డాడు.

"కాగితం మీద ఎన్నైనా రాస్తారు," అన్నాడు. "బండి ఒప్పుకోవాలిగా."

"ఆయనన్నది నిజమే అక్కా," అన్నాడు తమ్ముడు లోపల్నుంచి. ఇన్నాళ్ళకి అన్నదమ్ములిద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. అదీ ఇలాంటి మాట మీదికి.

"అయితే బండినే అడుగుదాం," అంది లీడరమ్మ. "అన్నయ్యా, నీ పెట్టె పట్రా. ఒరేయ్, నీ పెట్టె పట్రా."

"నేను ఆయన వైపుకి రాను."

"వాణ్ణి నేను రమ్మనలేదు."

"నా బండి వీధిలో ఉంది. వీధి ఎవరి వైపు? చెప్పండి ఇద్దరూ!"

అన్నయ్య ఎర్ర పెట్టె పట్టుకుని ఎడమ తలుపులోంచి వచ్చాడు. తమ్ముడు నీలం పెట్టె పట్టుకుని కుడి తలుపులోంచి వచ్చాడు. ఒకరినొకరు చూడకుండా ఉండటానికి ఇద్దరూ పడిన శ్రమతో ఇంకో రెండు పెట్టెలు మొయ్యొచ్చు.

లీడరమ్మ సీటు ఎత్తింది. కింద రెండు గదులు, పక్కపక్కనే. ఖాళీ పెట్టెలు తీసి కింద పెట్టింది. అన్నయ్య తన పెట్టెని ఎడమ గదిలో దించాడు. క్లిక్కుమంది. తమ్ముడు తన పెట్టెని కుడి గదిలో దించాడు. అదీ క్లిక్కుమంది, కాస్త వదులుగా.

ఆమె తాళంచెవి తిప్పింది.

బండి కీచుమంది. మళ్ళీ కీచుమంది. మూడోసారీ కీచుమని, ఎర్ర దీపం వెలిగించింది.

వీధిలో హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. హారన్ బాబాయి చెయ్యి కూడా కిందకి దిగింది.

"చెప్పానా?" అన్నాడు అన్నయ్య. గెలిచినవాడి గొంతు కాదది. నిజంగా ఆయనా ఆశపడ్డాడని అప్పుడు తెలిసింది లీడరమ్మకి. "చెప్పాను. మేస్త్రీ, నువ్వు పని మొదలుపెట్టు."

ఆమె మళ్ళీ తిప్పింది. మళ్ళీ కీచు. ఉత్తర్వు వచ్చింది, ఊరంతా విన్నది, ఈ బండి ఒక్కటే వినలేదు. అందరి బండ్లూ మొండికేసినా సర్దుకుపోవచ్చు, తన బండి, తన ఇంటి ముందు, ఇందరిలో మొండికేసింది.

మేస్త్రి ఇబ్బందిగా ఇటుకల వైపు ఒక అడుగు వేశాడు. అమ్మ కదల్లేదు. కళ్ళు మూసుకుంది.

తమ్ముడు మాత్రం పెట్టె పట్టుకునే ఉన్నాడు. వంగి, తల లోపలికి పెట్టి, దీపం వంకే చూస్తున్నాడు. రెండు చేతులూ పెట్టె మీద ఉన్నాయి. గొళ్ళెం సగమే పడింది, వదిలితే పైకి లేచొచ్చేస్తుంది.

"అన్నయ్యా," అన్నాడు.

అలవాటు కొద్దీ లీడరమ్మ అన్నయ్యతో చెప్పడానికి ఇటు తిరిగింది. చెప్పక్కర్లేదని అర్థమవడానికి ఆమెకే కాస్త సమయం పట్టింది.

"అన్నయ్యా, సీటు కింద నీ వైపు పెద్ద స్విచ్చి ఉంటుంది. పూర్తిగా ఆపి మళ్ళీ వెయ్యి. పెట్టెలు తీసినా లోపలి చిన్న బ్యాటరీ మీద దీని బుర్ర పొద్దుట్నుంచీ ఆగకుండా నడుస్తోంది. కంపెనీ నెట్‌లో పంపిన కొత్త ఆజ్ఞ దీనికి ఇంకా చేరినట్టు లేదు. ఆపి వేస్తేగానీ తెలుసుకోదు."

అన్నయ్య అలాగే చూస్తూ నిలబడ్డాడు. తమ్ముడి మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. చెమట ముక్కు మీంచి పెట్టె మీదికి కారుతోంది.

"తొందరగా, అన్నయ్యా. చేతులు జారిపోతున్నాయి."

అన్నయ్య వంగాడు. ఆయన భుజం తమ్ముడి భుజానికి తగిలింది. ఎవరూ పక్కకి జరగలేదు.

"ఇదేనా?"

"అది కాదు. దాని కింద."

"ఇదా?"

"ఆ. ఆపు. కాసేపాగు. ఇప్పుడు వెయ్యి."

ఠక్కుమంది. అన్నయ్య ఒక చెయ్యి స్విచ్చి మీంచి తీసి నీలం పెట్టె మీద వేసి, గట్టిగా అదిమాడు. సగం పడిన గొళ్ళెం పూర్తిగా పడింది. లీడరమ్మ తాళంచెవి తిప్పింది.

ఒక్కసారే కీచుమంది, సన్నగా. పచ్చ దీపం వెలిగింది.

తర్వాత ఏం జరిగిందో లీడరమ్మకి వరసగా గుర్తులేదు. హారన్లన్నీ ఒక్కసారి మోగాయి. ఎవరో ఆమె వీపు మీద చరిచారు. హారన్ బాబాయి మేస్త్రిని కౌగిలించుకుని సిమెంటు పూసుకున్నాడు. ఎర్ర బండ్లవాళ్ళు నీలం బండ్లవాళ్ళతో, "మాదీ చూడండి, మాదీ చూడండి" అంటూ సీట్లు ఎత్తేస్తున్నారు.

ఆ గోలలో ఆమె ఒక్కటి మాత్రం స్పష్టంగా చూసింది.

అమ్మ లేచింది.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అబ్బా అని మూలిగి, దుప్పటి మడత దులిపి చంకలో పెట్టుకుని లేచింది. "ఇటుకలు గుచ్చుకుని చచ్చానురా. ఆ 'అన్నయ్యా' ఏదో పొద్దున్నే అంటే నీ సొమ్మేం పోయేది?" అంది చిన్నకొడుకుతో.

తమ్ముడు తల వంచుకున్నాడు. అన్నయ్య గొళ్ళెం మీద వేలు వేసి చూశాడు. ఏదో అనబోయి, "ఆ గొళ్ళెం వదులైందిరా. నూనె వెయ్యాలి," అన్నాడు.

"నా దగ్గరుంది. వేస్తాను," అన్నాడు తమ్ముడు.

అంతే మాట్లాడుకున్నారు. లీడరమ్మకి అంతే చాలు. ఆమె బండెక్కి, కింద ఒక ఎర్ర పెట్టె, ఒక నీలం పెట్టెతో, వీధి చివరిదాకా వెళ్ళింది. వెనక ఊరేగింపులా బండ్లు. తను ఒకప్పుడు తోసుకుంటూ ఎక్కిన ఎత్తు మీదికి బండి చులాగ్గా ఎక్కుతుంటే, ఆమె ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుని, అందరూ చూసేటట్టు ఈల వేసింది.

తిరిగొచ్చేసరికి మేస్త్రి అమ్మ ముందు నిలబడి ఉన్నాడు.

"మరి ఈ మాల్ ఏం చెయ్యమంటారండీ? పారబొయ్యడానికి నాకు మనసొప్పదు."

"పారబొయ్యడమెందుకు? ఆ గుమ్మం ముందు మెట్టు విరిగి ఏడాదైంది. పెట్టెల బండి లాగలేక ఇద్దరూ నడుములు పట్టుకుంటున్నారు. ఏటవాలుగా కట్టెయ్యి. అటు తలుపు నుంచి ఇటు తలుపు దాకా, ఒక్కటిగా," అంది అమ్మ.

మేస్త్రి కొడుకులిద్దరి వైపూ చూశాడు. ఇద్దరూ ఒకేసారి, "అమ్మ చెప్పినట్టు కానీ," అన్నారు.

కంపెనీ ఆయన వచ్చేసరికి ఎండ వాలింది. ఎర్ర స్కూటరు మీద, ఎర్ర చొక్కాలో వచ్చి, తడిగా మెరుస్తున్న ఏటవాలు చుట్టూ తిరిగి, లోపలికి తొంగి చూశాడు. హాల్లో ప్లైవుడ్డు చెక్క అడ్డంగా లేదు. గోడకి ఆనించి ఉంది. మేకులు తమ్ముడు పీకుతుంటే చెక్క పడిపోకుండా అన్నయ్య పట్టుకున్నాడు. ఎవరు ముందు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు.

"గోడ అన్నారే?" అన్నాడు ఆయన. మనిషి మర్యాదస్తుడు. గొంతులో బెల్లం ఉంటుంది.

"కట్టలేదండి," అన్నాడు అన్నయ్య.

"ఎందుకని?"

"ఉత్తర్వు చూసే ఉంటారు."

"చూశానండి. ప్రభుత్వం చెప్పేది ప్రభుత్వం చెబుతుంది. మీకూ మాకూ మధ్య ఒప్పందం వేరే కదా? గోడ లేదని నేను పైకి చెప్పక తప్పదు. రేపు స్టాండు తీసుకెళ్ళడానికి లారీ పంపిస్తే నన్ను తప్పుపట్టకండి."

"అలా నిర్బంధించకూడదని అందులోనే ఉంది," అంది లీడరమ్మ.

"అది కోర్టులో తేలుతుందిలెండి అమ్మా. పెద్దవాళ్ళు చూసుకుంటారు."

లీడరమ్మ అన్నయ్య వైపు తిరిగింది. పొద్దున గుమ్మంలో నిలబడి, నీ ఆశ మీద నేను నడపలేనన్న మనిషి ఆయన. ఇప్పుడేమంటాడు? ఆయన చూపు తమ్ముడి మీదికి వెళ్ళింది, గోడకి ఆనించిన చెక్క మీదికి వెళ్ళింది.

"లారీ పంపించుకోండి," అన్నాడు అన్నయ్య. "మా తమ్ముడి బీరువాలో నాకు సగం చోటిస్తాడు."

"సగమెందుకు?" అన్నాడు తమ్ముడు.

కంపెనీ ఆయన భుజాలు ఎగరేశాడు. నవ్వుతూనే స్కూటరు దగ్గరికి వెళ్ళి, సీటు ఎత్తి, వేలితో చూపించాడు. "సరే, అదంతా రేపటి మాట. పొద్దుట్నుంచీ తిరుగుతున్నాను, నాకో పెట్టె పెట్టించండి. చుక్క లేదు."

"నా దగ్గర నిండినవి లేవండి," అన్నాడు అన్నయ్య.

"ఒక్కటి కూడానా?"

"ఉన్న ఒక్కటీ మా చెల్లి బండిలో ఉంది. మీ గోడ కోసమే కదండీ పొద్దుట్నుంచీ కరెంటు ఆపి కూర్చున్నాను."

ఆయన నవ్వు మొహం మీదే ఉంది, కానీ దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టుంది. అటూ ఇటూ చూశాడు. వీధిలో డ్రైవర్లందరూ బండ్లు ఆపుకుని, ఎవరికీ ఏ పనీ లేనట్టు ఇటే చూస్తున్నారు.

తమ్ముడు లోపలికి వెళ్ళాడు. అప్పుడే నిండిన నీలం పెట్టె ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని, ఆరీ ఆరని ఏటవాలుని జాగ్రత్తగా దాటి వచ్చాడు. అన్నయ్య ఎర్ర స్కూటరు సీటు ఇంకాస్త పైకెత్తి, ఖాళీ పెట్టె తీసి పక్కన పెట్టి, తమ్ముడికి చోటిచ్చి నిలబడ్డాడు.

ఎర్ర చొక్కా ఆయన చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. హారన్ బాబాయి కూడా హారను మీద చెయ్యి పెట్టి, మోగించకుండా ఎదురుచూస్తున్నాడు.

అమ్మ దుప్పటి మడత మిగిలిన ఇటుకల మీద మళ్ళీ పరుచుకుని, తీరిగ్గా కూర్చుంది.

"ఏం నాయనా," అంది, "పెట్టించుకుంటావా, తోసుకుంటూ వెళ్తావా?"